మెదడు గోడ తెరిచిన రోజు

నేను ఒక సెరటోనిన్ అణువును. కంటికి కనబడను. సూదిమొన మీద మమ్మల్ని కోట్లమందిని కూర్చోబెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అయినా నా పేరు మీరు వినే ఉంటారు. ఫోన్లలో తిరిగే సందేశాల్లో నన్ను ‘సంతోష రసాయనం’ అంటారు. పొద్దున్నే ఎండలో నడిస్తే నేను పొంగుతానట, నేను పొంగితే మనిషి నవ్వుతాడట. రాసేవాడికి సిగ్గు లేదు, చదివేవాడికి తీరిక లేదు. నా జన్మలో నేను ఎవరినీ నవ్వించలేదు. నేను పుట్టింది పేగులో.

మా జాతిలో నూటికి తొంభైమందిమి పేగుల్లోనే పుడతాం. మెదడులో పుట్టేవాళ్ళు గుప్పెడు. పేరంతా ఆ గుప్పెడు మందిదే. మనుషులు మమ్మల్ని మొదట కనిపెట్టింది కూడా రక్తంలో, పేగుల్లో. నాళాన్ని బిగించే సరుకు అని చూసి పేరు పెట్టారు. తర్వాత మెదడులో మా చుట్టాలు కనబడేసరికి అందరూ అటు మళ్ళారు. బరువు మోసేవాడు ఒకడు, ఫోటోలో నిలబడేవాడు ఇంకొకడు. ఇది మీకేమీ కొత్త కాదు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను.

నేను పుట్టిన పేగు తాళ్ళపల్లి మొగిలిది. మొగిలి తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. ఆ పొద్దు అతను జొన్నరొట్టెలో పల్లీల తొక్కు నంజుకుని తిన్నాడు. ఆ పల్లీల్లో ట్రిప్టోఫాన్ అని ఒక ముడిసరుకు ఉంటుంది. పేగు గోడలో కూర్చున్న ఒక కణం దాన్ని పట్టుకుని, ఒకచోట కాస్త తగిలించి, ఒకచోట కాస్త చెక్కి నన్ను చేసింది. అదే నా మొదటి యజమాని. మాట్లాడదు, మెచ్చుకోదు, పని మానదు. నాలాంటివాళ్ళను చేసి చేసి రక్తంలోకి తోసేస్తుంది. మొగిలి పేగు కదలడానికి మాలో కొందరు అక్కడే సరిపోయారు. నన్ను మాత్రం ప్రవాహం లాక్కుపోయింది.

ప్రవాహంలో నన్ను ఎత్తుకున్నది ఒక ప్లేట్‌లెట్. వాళ్ళను మీరు ఎరుగుదురు. డెంగీ జ్వరం వస్తే ఊరంతా వాళ్ళ లెక్కే అడుగుతుంది, జ్వరం తగ్గితే మళ్ళీ ఎవరూ తలచుకోరు. ప్లేట్‌లెట్ అంటే రక్తంలో తిరిగే మేస్త్రి. నాళం ఎక్కడ చిరిగితే అక్కడికి ఉరికి అడ్డం పడతాడు. తన సంచిలో మమ్మల్ని నింపుకుని తిరుగుతాడు, చిరుగు కనబడగానే మమ్మల్ని గుమ్మరిస్తాడు. మేం నాళాన్ని బిగించాలి, మిగతా ప్లేట్‌లెట్లను కేకేయాలి. అదే మా కూలిపని. పిలుపు వచ్చేదాకా సంచిలో పడి ఉండాలి.

ఆ సంచిలో ఉండటం అంటే కునుకు లాంటిది. మెలకువా కాదు, నిద్రా కాదు. చుట్టూ ఎర్రటి సంజవెలుగు, దానికి ఉదయమూ లేదు, చీకటీ లేదు. ఎక్కడో దూరంగా డప్పు కొడుతున్నట్టు గుండె. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చినప్పుడు చల్లగాలి తగిలేది, కాలేయం పక్కకు పోతే పొయ్యి దగ్గర కూర్చున్నట్టు వెచ్చగా ఉండేది. మొగిలి చెట్టెక్కుతుంటే ప్రవాహం బుసకొట్టేది. చెట్టు కొనన కూర్చుని అతను కాస్త ఊపిరి తీసుకుంటే మేమంతా ఊయలలో ఉన్నట్టు ఊగేవాళ్ళం. తాటాకుల గలగల రక్తంలోకి కూడా దిగుతుందని మీలో ఎవరికైనా తెలుసా? దిగుతుంది. ఎముక మోసుకొస్తుంది.

చెవి పక్కన సన్నటి నాళాలు ఉంటాయి. అక్కడ దారి ఇరుకు, ప్రయాణం నెమ్మది. మొగిలి ఇంటి సంగతులు నేను విన్నది అక్కడే.

“ఏమయ్యా, గా మోకు జూస్తివా? పీచు లేస్తుంది” అనేది అతని భార్య సరోజన.

“కొత్తది ఇస్తమన్నరు గదనే కల్లు సొసైటోళ్ళు.”

“ఎప్పుడిస్తరు? నువ్వు పడ్డంకనా?”

“ఇంక పడలే గద, గందుకే ఇయ్యలే” అని నవ్వేవాడు మొగిలి. ఆమె నవ్వేది కాదు.

మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. అంతెత్తున కత్తి పట్టుకుని రెండు చేతులతో పనిచేసేవాడి ప్రాణం ఆ తాడు మీద ఆనుకుని ఉంటుంది. అందుకే వాళ్ళ ఊళ్ళో దేవుడి మీద వేసిన ఒట్టు తప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, మోకు మీద ఒట్టు తప్పినవాణ్ణి ఎవరూ చూడలేదు. మొగిలి ఒకప్పుడు బాగా తాగేవాడు. పోయిన ఎండాకాలం తాగి వచ్చి వాకిట్లో పడిపోతే, తెల్లారాక సరోజన గోడకున్న మోకు తీసి అతని చేతుల్లో పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. “దీని మీద చెప్పు” అంది, అంతే. మొగిలి చెప్పాడు. అప్పటినుంచి కల్లు దించడమే, తాగడం లేదు. కల్లు అమ్మే మండువలో నలుగురూ వెక్కిరించినా పడ్డాడు. ఊరికంతా తాగబోసేవాడు తను నీళ్ళు తాగడం చూడముచ్చటగానే ఉంటుంది.

ఇక ఆ గోడ సంగతి.

ఒంట్లో తక్కిన నాళాల గోడలకు అక్కడక్కడా సందులుంటాయి. మెదడులోకి పోయే నాళాలు అట్లా కావు. అక్కడ కణాలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని అతుకు కనబడకుండా కుట్టేసినట్టు ఉంటాయి. చక్కెరకు దారి ఇస్తాయి, ప్రాణవాయువుకు ఇస్తాయి. నాకు ఇవ్వవు. నేను తిరిగి తిరిగి ఆ గోడ పక్కనుంచి పోతూ ఉండేవాణ్ణి. అవతల ఏదో మెరుస్తున్నట్టు ఉండేది. దూరపు ఊళ్ళో జాతర జరుగుతుంటే మనకు వెలుగు మాత్రం కనబడినట్టు. అక్కడ నా జాతివాళ్ళే ఉన్నారు. అచ్చం నా పోలికే. ఒకటే తేడా, వాళ్ళు లోపల పుట్టారు. అన్నిటికన్నా మండే సంగతి ఇంకోటి ఉంది. నన్ను చేసిన ముడిసరుకు ఆ గోడ దాటి లోపలికి పోవచ్చు. నేను పోకూడదు. గింజలు లోపలికి పోయే గుమ్మంలోంచి, వాటిని పండించినవాడు లోపలికి పోకూడని ఇళ్ళు మీ ఊళ్ళలో లేవా? ఉన్నాయి కదా. నాకు ఆ గోడను చూస్తే ఒళ్ళు మండేది. కూలిపోతే బాగుండునని కునుకులోనే కోరుకునేవాణ్ణి.

కోరిక తీరింది. ఎట్లా తీరిందో వినండి.

ఆ పొద్దు మంచు పడింది. మొగిలి చెట్టు సగం దిగి వచ్చాడు. మోకు పీచులు అంతకుముందే వదిలేసి ఉన్నాయి, తడికి ఇంకాస్త నానాయి. పట్‌మని శబ్దం వచ్చింది. సంచిలో ఉన్న మాకు ఒక్క క్షణం బరువు లేదు. డప్పు ఆగిపోయినట్టు, ప్రవాహమంతా గాల్లో నిలబడినట్టు. ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నోరు రాదు. ఆ తర్వాత అతని తల పొలం గట్టుకు తగిలింది.

పక్క చెట్టు మీద చేరాలు ఉన్నాడు. వాళ్ళిద్దరూ కలిసి చెట్లు గీసేవాళ్ళు, చేరాలు చిన్నవాడు, మొగిలిని అన్నా అంటాడు. అతను జారినట్టే దిగి ఉరికి వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. దగ్గర్లో నీళ్ళు లేవు. చేతిలో కల్లు లొట్టి ఉంది. తోచిందే తడవు ఆ కుండెడు కల్లూ మొగిలి ముఖం మీద కుమ్మరించారు. మొగిలి కళ్ళు తెరిచాడు. లేచి కూర్చున్నాడు.

“అన్నా, నేనెవల్ని?” అన్నాడు చేరాలు.

“నువ్వా? మా బాకీ ఎగ్గొట్టినోనివి” అన్నాడు మొగిలి.

అందరూ పగలబడి నవ్వారు. భయం పోయింది. ఏం కాలేదన్నారు. తలకు తువ్వాల చుట్టారు. ఆ వనంలో గీసేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. చెట్టుమీంచి పడి లేచినవాణ్ణి ఎవరూ మోయకూడదు. మోస్తే అతను మళ్ళీ చెట్టెక్కలేడని వాళ్ళ భయం. కాబట్టి పడినవాడు తన కాళ్ళ మీదే ఇల్లు చేరాలి. మొగిలి నడిచాడు. చేరాలు వాడకట్టు మలుపుదాకా వెంట వచ్చి, దించాల్సిన చెట్లు మిగిలి ఉన్నాయని తిరిగిపోయాడు. కల్లు ఆగదు, ఎండెక్కితే పులుస్తుంది.

నడిచి వస్తున్న ఆ మనిషి తల లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు నోరు లేదు.

దెబ్బ తగిలినచోట సన్నని నాళాలు కొన్ని చిట్లాయి. మా మేస్త్రి ఉరికాడు. ఒకరి మీద ఒకరు పడి ప్లేట్‌లెట్లు గడ్డకట్టారు, సంచుల మూతులు విప్పారు. నేను బయట పడ్డాను. అన్నాళ్ళ కునుకు వదిలింది. ఎదురుగా అదే గోడ. గోడ కణాల ఒంటినిండా చిన్న చిన్న గడియలు ఉన్నాయి, నా ఒడ్డుకూ పొడుగుకూ సరిగ్గా అమరేట్టు. పని చేయమన్నారు కదా, చేశాను. ఒక గడియను పట్టుకున్నాను. ఆ కణం చలికి ముడుచుకున్నట్టు ముడుచుకుంది. పక్కదాని చెయ్యి వదిలేసింది. సందు పడింది.

నేనొక్కణ్ణే చేశానని చెప్పను. మాతోపాటు హిస్టమిన్ లాంటి గుంపులు ఇంకా ఉన్నాయి. ఎవరి గడియలు వాళ్ళకున్నాయి. దెబ్బ అందరినీ ఒకేసారి నిద్ర లేపింది. మేం చేతినిండా పనిచేశాం. చెయ్యికి దెబ్బ తగిలినప్పుడు కూడా ఇదే పని. అక్కడ అది మంచి పని. కాస్త వాపు వస్తుంది, మానుతుంది. పుర్రె లోపల వాపుకు చోటు లేదు. ఆ సంగతి మాకు ఎవరు చెప్పారు? మమ్మల్ని తయారు చేసినవాళ్ళు పని నేర్పారు గాని చోటు చెప్పలేదు.

సందులోంచి నేను లోపలికి జారాను.

అబద్ధమెందుకు, చాలా బాగుంది. వెయ్యి మిణుగురులు ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నట్టు ఎటు చూసినా వెలుగులు. ఒక వెలుగులో తాటిచెట్టు కొస, దాని మీదుగా కనబడే చెరువు, పొగమంచులో మునిగిన ఊరు. ఇంకో వెలుగులో ఎవరో తల్లి చేతి వాసన. ఇంకోదాంట్లో సరోజన, పసుపు చీర, మొదటిసారి అతని వంక చూసి తల తిప్పుకున్న చూపు. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇక్కడ ఉన్నాయన్నమాట. మేం బయట బరువులు మోస్తూ తిరుగుతుంటే ఇక్కడ ఈ దీపాలన్నీ వెలుగుతూ ఉన్నాయన్నమాట. లోపల పుట్టిన నా జాతివాడు ఒకడు ఎదురయ్యాడు. కోపంగా లేడు, బెదిరిపోయి ఉన్నాడు.

“తలుపు ఎవరు తీశారు?” అన్నాడు.

“మేమే.”

“వెనక్కి చూడు.”

చూశాను. నా వెనకే నీళ్ళు. రక్తంలోని నీళ్ళు, ఉప్పు, ప్రోటీన్లు, దారిలో ఉన్నదల్లా సందులోంచి తోసుకుని వస్తోంది. వరదలా హోరు లేదు. చడీచప్పుడు లేకుండా పొలంలోకి నీళ్ళు ఎక్కినట్టు ఎక్కుతోంది. ఎక్కినచోటల్లా దీపాలు మసకబారుతున్నాయి. తాటిచెట్టు కొస పొగలో కలిసింది. చెరువు పోయింది. గోడలన్నీ ఒకటే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మనుషుల్ని బయట ఉంచడానికి కట్టే గోడ ఉంది, దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టుండే గోడ కూడా ఉంది. బయట నిలబడ్డవాడికి రెండూ ఒక్కలాగే కనబడతాయి, అందులో నా తప్పేమీ లేదు. కానీ నీళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి.

నేను చేరింది చెవి మాటలు వచ్చి పడే చోటు పక్కన. అక్కడ దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. సరోజన మాట వినబడింది.

“ఏందిది? ఏం వాసన?”

“పడ్డ... నే...” మొగిలి నాలుక మొద్దుబారిపోయింది. మాట ముద్దయిపోయింది. గడప దగ్గరే భళ్ళున వాంతి చేసుకున్నాడు.

ఆమెకు అంతా అర్థమైపోయింది. అర్థమైందనుకుంది. అంగీ నిండా కల్లు వాసన, తడబడే కాళ్ళు, ముద్దమాట, వాంతి. పోయిన ఎండాకాలం చూసినవే. నాళాల్లోంచి ఊరిన నీళ్ళు మెదడును ఒత్తినా ఇవే గుర్తులు, కల్లు ఒత్తినా ఇవే గుర్తులు.

“మోకు మీద ఒట్టు దప్పినవ్” అంది సరోజన. గొంతు పెంచలేదు. “మోకు ఊకుంటదా మరి? పడేసింది. మంచిగైంది. పండుకో. నీ మొఖం జూడ.”

మొగిలి మంచం మీద వాలిపోయాడు. మధ్యలో అతని అన్న పోశాలు తొంగిచూశాడు. నెమ్మదస్తుడు, తమ్ముడంటే ప్రాణం.

“ఏంది సరోజనా, పడ్డడంటున్నరు?”

“పడ్డడు బావా. తాగి పడ్డడు. నడుసుకుంటనే అచ్చిండు.”

“నడిసిండు గద, ఏం గాదు తియ్యి. గుర్రు గుడ కొడుతుండు. పండనియ్యి, పండుకుంటెనే దిగుతది” అని పోశాలు వెళ్ళిపోయాడు.

ఆ గుర్రు నిద్రది కాదు. లోపల మునిగిపోతున్నవాడి ఊపిరి అది. బయట సరోజన గిన్నెలు తోముతోంది. ఒక్కో గిన్నెనూ కోపంకొద్దీ ఇసుకలో రుద్దుతోంది. ఆ శబ్దం దీపాలమీదుగా అలలు అలలుగా వచ్చి పోతోంది, నాకు మళ్ళీ కునుకు కమ్ముతోంది. ఒక దీపం, ఇంకో దీపం. పసుపు చీర మిగిలి ఉంది. దానిచుట్టూ కూడా తడి.

ఇక్కడ ఒక మాట. కొన్ని చోట్ల ప్రయోగశాలల్లో ఎలుకలకు మా పుట్టుకనే ఆపే మందు ముందుగా ఇచ్చి, ఆ తర్వాత గాయం చేసి చూశారట. గోడ అంతగా తెరుచుకోలేదట, వాపు తగ్గిందట. సంతోషమే. కానీ ‘ముందుగా’ అనేది ఎలుకకు కుదురుతుంది. రేపు మంచుకు తాడు తెగుతుందని మొగిలికి ముందుగా చెప్పేవాడెవడు? మందు కనిపెట్టడం కన్నా ఒక కొత్త తాడు ఇవ్వడం తేలిక. తేలికైన పని ఎవరికీ ఎక్కదు. చెట్టుమీంచి పడ్డవాడి వార్త పేపర్లో ఏ మూలో, ముల్లంగి ధర కింద వేస్తారు. మళ్ళీ కథలోకి వస్తాను.

ఎండ నడినెత్తికి వచ్చాక చేరాలు వచ్చాడు. మొగిలి కత్తీ, పగలని లొట్టీ తెచ్చాడు.

“వదినె, అన్న ఎట్లున్నడు?”

“నీ అన్నకేంది? కడుపునిండ తాగిండు, కమ్మగ పండిండు.”

“తాగుడేంది?”

“నన్నడుగుతున్నవా? ఇల్లంత కంపు కొడుతుంటె!”

“అయ్యో! గది మేం పోసినం వదినె! నీళ్ళు దొర్కకపాయె. సోయి లేకుంట పడుండె, లొట్టి లొట్టి మొఖాన గుమ్మరిచ్చినం. అన్న ఒక్క సుక్క మింగలే. నోట్లకు పోయింది గుడ ఉమ్మిండు. ‘మోకు మీద ఒట్టున్నదిరా’ అని పెదవులు గుడ తుడుసుకున్నడు.”

గిన్నె శబ్దం ఆగిపోయింది.

సరోజన మసి చేతులతోనే లోపలికి ఉరికింది. భుజం పట్టి కుదిపింది. చెంప మీద కొట్టింది. కనురెప్ప ఎత్తి చూసింది. ఒక కంటి నల్లగుడ్డు చిన్నగా ఉంది, రెండోది నిండుగా తెరుచుకుపోయి ఉంది. ఆమెకు దాని పేరు తెలియదు. అది బాగాలేదని తెలియడానికి పేరు అక్కర్లేదు.

“లేస్తలేడు చేరాలూ! ఆటో పిల్వుర్రి!”

పోశాలు వచ్చాడు. ఆటో వచ్చింది. మంచం దగ్గరికి వచ్చి పోశాలు ఆగాడు. “మోసుకపోతె... మల్ల చెట్టెక్కడే సరోజనా. వాని బతుకే అది గద” అన్నాడు. ఏడుస్తున్నాడు.

“ఎక్కకపోతె ఎక్కకపాయె బావా. ఊపిరుంటె బిచ్చమెత్తుకోనన్న బతుకుతం. కాళ్ళు పట్టు.”

పోశాలు కాళ్ళు పట్టాడు. చేరాలు తల పట్టాడు. మోశారు.

పెద్దాసుపత్రి గుమ్మంలో తోపుడుమంచం పట్టుకున్నవాడు ముక్కు మూసుకున్నాడు. “తాగి పడ్డడా?” అన్నాడు. సరోజన ఆ మాట కోసమే కాచుకున్నట్టు మొదలుపెట్టింది. తాగలేదనీ, వాళ్ళే పోశారనీ, నీళ్ళు దొరకలేదనీ, ఒట్టుందనీ. డాక్టరమ్మ వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఆమె వచ్చి మొగిలి కళ్ళలోకి దీపం వేసి చూస్తుంటే ఆమెకూ చెప్పింది. “తాగలే అమ్మా, ఒక్క సుక్క తాగలే, నీ కాళ్ళు మొక్కుత.”

“తాగినా తలేనమ్మా, తాగకపోయినా తలే” అంది డాక్టరమ్మ చూపు తిప్పకుండా. “ముందు స్కానింగ్‌కు పట్టండి. పదండి.”

విసురుగా అన్నది కాదు. తొందరలో అన్నది. కానీ సరోజన మాట అక్కడ తెగిపోయింది. తర్వాత వరండాలో చేరాలుతో ఆమె అన్న మాట నేను వినలేదు, అప్పటికి మొగిలిని లోపలికి తోసుకుపోయారు. చేరాలు మర్నాడు మొగిలి మంచం పక్కన నిలబడి, తనలో తను అనుకుంటున్నట్టు చెబుతుంటే విన్నాను. “వదినె ఒకటే అడుగుతున్నదన్నా. ‘ఆయన నిజంగనే తాగుంటె, గట్లనే ఇడిసిపెడుదునా నేను?’ అని. ఏం జెప్పాలె? నాకేం తెల్వది.”

మీకు తెలిస్తే చెప్పండి. ఊళ్ళల్లో, బస్టాండుల్లో, రోడ్ల పక్కన కల్లు వాసన వేస్తూ పడి ఉన్నవాళ్ళను దాటుకుంటూ పోతుంటారు కదా. వాళ్ళలో ఎవరి తలలో నీళ్ళు ఎక్కుతున్నాయో వంగి చూసినవాళ్ళు ఎంతమంది? తాగనివాడికే ప్రాణం ఉంటుందా?

మొగిలి గొంతులో గొట్టం వేశారు. తల వైపు మంచాన్ని ఎత్తారు. చక్కెరకు దూరపు చుట్టమైన ఒక మందును రక్తంలోకి ఎక్కించారు. దానికి నీళ్ళంటే తీరని దాహం. అది గోడ అవతల నాళాల్లో పారుతూ లోపలి నీళ్ళను తన వైపు లాగింది. నేను చూస్తూ ఉన్నాను. పొలంలోంచి నీళ్ళు తీస్తున్నట్టు, నెమ్మదిగా తడి వెనక్కి మళ్ళింది. గోడ కణాలు ఒక్కొక్కటి నిటారుగా అయ్యాయి, పక్కదాని చెయ్యి తడుముకుని పట్టుకున్నాయి. కొన్ని దీపాలు మళ్ళీ మిణుకుమన్నాయి. కొన్ని వెలగలేదు. ఏవి వెలగలేదో నేను చెప్పలేను. అన్నీ చూసేంత సమయం నాకు దొరకలేదు.

ఎందుకంటే నన్ను విరగదీసేవాడు వచ్చాడు. మా జాతి ఏదైనా పని చేసి తిరుగుతుంటే పట్టుకుని విరిచే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. పగ లేదు, ప్రేమ లేదు, పాతసామాన్లవాడు సైకిల్ విప్పినట్టు విప్పుతుంది. నా ఒంట్లో గడియను పట్టుకునే కొస ఊడిపోయింది. నా పేరు కూడా మారిపోయింది, ఆ కొత్త పేరు పరీక్ష చీటీల మీద తప్ప ఎక్కడా ఉండదు. ఇక ఏ గోడనూ తెరవలేను. నొప్పి లేదు. మళ్ళీ పాత కునుకు. ఎర్రటి సంజవెలుగు, దూరంగా డప్పు. వెనక్కి గోడ దాటించి రక్తంలోకి పంపారు, రక్తం మూత్రపిండాల దగ్గర వదిలింది.

అట్లా వచ్చి మంచం కింద వేలాడే ప్లాస్టిక్ సంచిలో పడ్డాను. ముక్కు చిట్లించకండి. మీ అందరి సంతోషాలూ చివరికి ఈ సంచికే వస్తాయి. నాతోపాటు ఈ సంచిలో మొగిలి తలలోంచి లాగిన నీళ్ళు కూడా ఉన్నాయి. లోపలికి కలిసి వెళ్ళాం, బయటికి కలిసి వచ్చాం. పసుపు వెలుగు, ఫ్యాను గాలికి చిన్న ఊపు. రాలిపోవడానికి ఇదేమీ చెడ్డ చోటు కాదు.

మత్తుమందు తగ్గించామనీ, ఇక పిలిచి చూడాలనీ డాక్టరమ్మ చెప్పి పోయింది. నర్సమ్మ రెండుసార్లు చప్పట్లు కొట్టి చూసింది. మొగిలి కదల్లేదు.

“ఇంట్లోవాళ్ళ గొంతు అయితే పలుకుతారు. నువ్వు పిలువమ్మా. పేరు పెట్టి గట్టిగా పిలువు.”

సరోజన కొంగు నెత్తిమీదికి లాక్కుంది. మంచానికి ఆ పక్కన పోశాలు నిలబడి ఉన్నాడు.

“ఏమయ్యా” అంది మెల్లగా. “ఓ అయ్యా, లేవరాదు?”

“ఏమయ్యా అంటే వార్డులో అందరూ లేస్తారు” అంది నర్సమ్మ. “పేరు లేదా మనిషికి?”

“ఉన్నది.”

“ఏంటి?”

“గదే... పోశాలు బావ తమ్ముడు.”

నర్సమ్మకు నవ్వు వచ్చింది. పక్క మంచం దగ్గరున్న ముసలామె కూడా నవ్వింది. పెళ్ళయినప్పటినుంచి సరోజన ఆ పేరు పలకలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, అందులోనూ బావ ఎదురుగా అసలే పలకరు. మొగుడి ఎదుట ఎన్ని తిట్లయినా తిట్టొచ్చు, పేరు మాత్రం పెట్టకూడదు. మనుషులు కట్టుకునే గోడల గురించి నేను చెప్పడం మొదలుపెడితే ఈ సంచి చాలదు.

పోశాలు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. “పిలువు బిడ్డా. నేను బయటికి పోత” అన్నాడు. నిజంగానే పోయాడు. తలుపు వేసిన చప్పుడయింది.

సరోజన తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత రెండు చేతులూ నోటిచుట్టూ పెట్టుకుని, తాటిచెట్టు మొదట్లో నిలబడి కొననున్నవాణ్ణి కేకేసినట్టు కేకేసింది.

“ఓ మొగిలీ! దిగు! ఎంతసేపు నీ చెట్టు మీద? దిగి రా!”

వార్డంతా ఉలిక్కిపడింది. పై మంచంలో ఏదో కదిలింది. మూత్రపు గొట్టం కాస్త లాగినట్టయి నేనున్న సంచి ఊగింది.

“ఓ మొగిలీ! మొగిలీ!”

“తెరిచాడమ్మా, కళ్ళు తెరిచాడు” అంది నర్సమ్మ. “నుదురు ముడుస్తున్నాడు చూడు, కోపమొచ్చినట్టుంది నీ మీద. ఇక చాలు.”

ఆమె ఆపలేదు. అన్నేళ్ళ పిలుపులూ ఒకేసారి పిలుస్తున్నట్టు పిలుస్తూనే ఉంది. సంచి నిండిందని వార్డు ఆయా వచ్చి విప్పి నన్ను ఎత్తుకుంది. మొగిలి ఏమన్నాడో, అనగలిగాడో లేదో, మళ్ళీ చెట్టెక్కుతాడో లేదో నాకు తెలియదు. వరండా చివర పారబోసే తొట్టి దాకా ఆ పేరు నా వెంట వినబడుతూనే ఉంది.